చేతిలో చల్లారాల్సిన జాడీ

దెయ్యాల కబుర్లు మొదలైతే కొందరు భయపడతారు, కొందరు నవ్వుతారు. నాకు మాత్రం చిరాకు వేస్తుంది. కంపెనీ బస్సులో ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయే మనిషిని నేను. పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. కొలవడమే నా ఉద్యోగం. కొలతకు అందనివి ఉంటాయని ఎవరైనా అంటే, పాపం ఈయనకి కొలవడం రాదు కాబోలు అనుకునేదాన్ని. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది కూడా నేను స్వయంగా కొలిచిందే.

మాది అనకాపల్లి. మా ఆయన ఫిజిక్స్ లెక్చరర్. ఇద్దరం సైన్సువాళ్లమే కాబట్టి ఇంట్లో పూజగది కంటే పుస్తకాల బీరువా పెద్దది. దాని పక్కనే నా జాడీల అల్మరా ఉంటుంది.

నాకు పాత జాడీల పిచ్చి. ప్రతి ఇంట్లోనూ ఉండే తెలుపూ గోధుమరంగూ ఊరగాయ జాడీలు కావు. అరవై డెబ్బై ఏళ్ల కిందట కొందరు సొంతంగా బట్టీ పెట్టుకుని, మెరుపు పూతకి గ్లేజు కూడా సొంతంగా కలుపుకుని, ఒక్కొక్కటీ చేత్తో చేసిన సరుకు. స్టూడియో పాటరీ అంటారు దాన్ని. జాడీలు, కూజాలు, కప్పులు, చిన్న చిన్న గిన్నెలు. ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. జీతం వచ్చిన వారమే నేను ఎక్కడ తిరుగుతానో మా ఆయనకి తెలుసు. "ఈ ఇంట్లో నేను కూడా మట్టితో చేసినవాణ్ణయితే బాగుండేది, రోజూ తుడిచేదానివి" అని దెప్పుతుంటారు.

అలాంటి బట్టీ ఒకటి మాకు దగ్గర్లోనే, సబ్బవరం వెళ్లే దారిలో ఉండేది. సన్యాసయ్య అనే కుమ్మరి ఆయన ఎక్కడో దూరం పోయి గ్లేజు పని నేర్చుకుని వచ్చి, ఒక వ్యాపారి సాయంతో పెట్టాడట. అయిదారేళ్ల కంటే నడవలేదు. కానీ ఆ అయిదారేళ్లలో చేసిన సరుకు చూస్తే ఇప్పటికీ కళ్లు తిప్పుకోలేం. మా ప్రాంతం బెల్లానికి పేరు కదా. బెల్లం వండే పొయ్యిల్లో చెరకు పిప్పి కాల్చగా మిగిలిన బూడిద జల్లెడ పట్టి, దాంతోనే గ్లేజు తయారుచేసేవాడు. అందుకే ఆ జాడీలకి లేత పాకం రంగు, అంచుల దగ్గర కొంచెం పచ్చదనం ఉంటుంది. అడుగున పేరు ఉండదు. పచ్చిమట్టి మీద బొటనవేలు నొక్కిన గుర్తు ఉంటుంది. దాన్నిబట్టే మేం ఆ సరుకుని గుర్తుపడతాం.

మేం అంటే ఏడుగురం. ఎక్కువమంది విశాఖపట్నం వాళ్లు. ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో మమ్మల్ని మేం పెద్ద పరిశోధకులం అనుకుంటాం.

ఒక ఏడాది, ఉగాది ముందర వచ్చే కొత్తమావాస్య జాతర అయిన వారానికి పాత సామాన్ల కొట్టు అప్పారావు ఫోన్ చేశాడు. "మీకోసవే దాసేను మేడమ్. సబ్బవరం కాడ ఓ షావుకారి పాతిల్లు పడగొట్టేరు. ఈ జాడీ అటక మీద దొరికింది" అన్నాడు. వెళ్లేసరికి ఆ జాడీలో మేకులు వేసి ఉన్నాయి. జానెడు ఎత్తు, భుజాలు గుండ్రంగా, మూత లేదు. రంగు చూడగానే తెలిసిపోయింది. తిరగేసి చూస్తే అడుగున వేలిగుర్తు లేదు.

మా పిచ్చి ఉన్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. అన్నింటి మీదా గుర్తు ఉండి ఒక్కదాని మీద లేకపోతే, అది ప్రయోగానికి చేసిన తొలి నమూనా అని తేల్చేస్తాం. అలాంటిది ఒక్కటే ఉంటుంది కాబట్టి అదే అన్నిటికంటే గొప్పది. ఇంటికి రాగానే ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను. ఆ రోజంతా ఫోన్ మోగుతూనే ఉంది. కార్తీకమాసంలో విశాఖలో ప్రదర్శన పెడదామని అప్పటికే అనుకుంటున్నారు. ఈ జాడీని మధ్యలో విడిగా బల్ల మీద పెట్టి, పక్కన నా పేరుతో కార్డు పెడతామన్నారు. నా పేరు అచ్చులో ఇంతకుముందు ఎక్కడా పడలేదు. ఒప్పుకోవాలి, చాలా పొంగిపోయాను.

వేసవిలో నాకేమీ తెలియలేదు. అనకాపల్లిలో వేసవి మధ్యాహ్నం ముట్టుకుంటే గోడ కూడా కాలుతుంది. ఆషాఢంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాకు పొద్దుటి షిఫ్టు. మూడున్నరకి ఇంటికి వచ్చి, బట్టలు మార్చుకుని, తోచక అల్మరా తుడుస్తున్నాను. ఆ జాడీ మీద చెయ్యి పడగానే వెనక్కి లాక్కున్నాను. కాలేంత కాదు. పొయ్యి మీంచి దించి కొంతసేపైన పాలగిన్నె ఎలా ఉంటుందో అలా ఉంది. పక్కనున్న జాడీలు చల్లగా, చెమ్మగా ఉన్నాయి.

మొదట నా అరచేతినే అనుమానించాను. తర్వాత అల్మరా వెనక కరెంటు వైరేదైనా పోతోందేమో చూశాను. లేదు. కరోనా రోజుల్లో కొన్న థర్మామీటర్ గన్ ఇంట్లో ఉంది. దాంతో చూస్తే ఆ జాడీ నలభై ఆరు డిగ్రీలు, మిగతావన్నీ ఇరవై తొమ్మిది. మెరిసే గ్లేజు మీద ఆ గన్ తప్పు చూపిస్తుందేమోనని మర్నాడు మా ల్యాబ్ నుంచి సరిచూసిన గాజు థర్మామీటర్ అడిగి తెచ్చాను. జాడీ లోపల దూది పెట్టి అందులో నిలబెట్టాను. అదీ నలభై ఆరే చూపించింది.

నోటుబుక్కు ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్న రోజున పావుగంటకోసారి రాసేదాన్ని. లేని రోజున మా ఆయన చేత రాయించేదాన్ని. జాడీని వంటింట్లో పెట్టి చూశాం. ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి చూశాం. రెండు దుప్పట్లలో చుట్టి మంచం కింద పెట్టాం. ఎక్కడ పెట్టినా ఒకటే. నాలుగు కొట్టే వేళకి వేడెక్కుతుంది, అయిదు దాటేదాకా అలాగే ఉంటుంది.

మా ఆయన మొదట్లో నవ్వారు. రెండో వారానికి నవ్వడం మానేశారు. ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేడెక్కడం కాదు, చల్లబడే తీరు. వేడి వస్తువేదైనా మెల్లగా చల్లారుతుంది, దానికో లెక్క ఉంటుంది. పిల్లలకి ఆయన ఏటా చెప్పే పాఠమే అది. ఈ జాడీ అలా చల్లారదు. అయిదు గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో, కళ్ల ముందే, ఒక్కసారిగా గది వేడికి పడిపోతుంది. "ఇది చల్లారడం కాదు సుజాతా, ఎవరో తీసేసుకున్నట్టుంది" అన్నారాయన ఒకరోజు. అన్నాక, అలా అన్నందుకు ఆయనే సిగ్గుపడ్డారు.

వినాయక చవితికి ముందు గ్రూపులో ఒకాయన కబురు పెట్టాడు. సన్యాసయ్య భార్య ఇంకా బతికే ఉంది, నాతవరం దగ్గర పల్లెలో కూతురింట్లో ఉంటోంది అని. ప్రదర్శన కార్డు మీద జాడీ చరిత్ర రాయాలి కదా. ఆ ఆదివారమే ఇద్దరం బండి మీద వెళ్లాం. వేడి సంగతి కూడా తేలుతుందేమోనని లోపల ఆశ ఉంది. జాడీ నా దగ్గరుందని మాత్రం చెప్పకూడదని దారిలోనే నిర్ణయించుకున్నాను. చెబితే అడుగుతారేమో అని భయం.

ఆవిడ పేరు పైడమ్మ. ఎనభై దాటాయి, చూపు పూర్తిగా పోయింది. కూతురు నూకరత్నానికి అరవై ఉంటాయి. పసుల శాల పక్కన రెండు గదుల ఇల్లు. మేం వెళ్లేసరికి మూడున్నర. పాత జాడీల గురించి రాసుకుంటున్నానని చెప్పాను. అదీ అబద్ధం కాదు. నూకరత్నం స్టూలు వేసి కూర్చోబెట్టింది.

వేలిగుర్తు లేని జాడీలు ఉండేవా అని మామూలుగా అడిగినట్టు అడిగాను. "బట్టీకి ఒకటుంటాది" అంది నూకరత్నం. "మొదట తీసిన జాడీ అమ్మరమ్మా. అది ఇంటిది. ఏది ముందు తియ్యాలో పేర్చినప్పుడే అనుకుంటారు. అమ్మందానికి ఏలుగుర్తు ఎందుకూ?"

నా తొలి నమూనా, నా ప్రదర్శన కార్డు అక్కడే అయిపోవాల్సింది. కానీ అప్పుడు నాకు ఇంకా సంతోషం వేసింది. కథ ఉన్న జాడీ మరీ అరుదు కదా.

బట్టీలోంచి మొదట తీసిన జాడీని నేల మీద పెట్టకూడదట. వేడివేడి జాడీ చల్లటి నేల తగిలితే పగులుతుంది, అది అసలు కారణం. ఆ ఒక్క జాడీకి అదే ఆచారమైపోయింది. ఇంటావిడ చీరకొంగు మడతపెట్టి పట్టుకుని, చల్లారేదాకా ఒళ్లోనే ఉంచుకోవాలి. చల్లారాక తనే నేల మీదకి దించాలి. అప్పుడు గాని మిగతా సరుకు ఎవరికీ ఇవ్వరు.

ఆఖరి బట్టీ విప్పిన రోజు నాలుగు గంటల వేళ సన్యాసయ్య మొదటి జాడీ తీసి భార్య చేతుల్లో పెట్టాడు. రెండోది తియ్యడానికి మళ్లీ లోపలికి వంగి, అలాగే ముందుకు పడిపోయాడు. బయటికి లాగేసరికి ప్రాణం లేదు. పైడమ్మకి అప్పుడు ఇరవై రెండేళ్లు, నూకరత్నం చంటిపిల్ల. ఆ గోలలో ఆవిడ చేతుల్లోంచి ఎవరో జాడీ లాగేసుకున్నారు. సరుకంతా ఆ వ్యాపారి మనుషులు బండికెత్తుకుపోయారు. అందులో అదీ పోయింది.

ఈ మాటలు నూకరత్నం చెబుతూ ఉండగానే మంచం మీద పైడమ్మ లేచి కూర్చుంది. కొంగు మడిచింది. రెండు చేతులూ ముందుకు చాచి, దేన్నో పట్టుకున్నట్టు గుండ్రంగా పెట్టింది. ఆ చేతుల మధ్య జానెడు ఖాళీ ఉంది.

"రోజూ ఇదే" అంది నూకరత్నం. "సంక్రాంతి ఎల్లినకాణ్నించి మొదలైంది. అంతకుముందు లేదు. నాలుగైతే సాలు, ఇలాగ కూకుంటాది."

కొంచెంసేపటికి పైడమ్మ తనలో తను అనుకున్నట్టు, "ఇంకా ఏడిగానే ఉంది" అంది.

మా ఆయన నా వైపు చూశారు. నేను గడియారం వైపు చూశాను. నాలుగూ అయిదు నిమిషాలు.

రోజూలాగే అయిదింటికి నూకరత్నం పాలు పట్టుకుని పాలకేంద్రానికి వెళ్లింది. తిరిగొచ్చి టీ కలిపింది. టీ గ్లాసు పక్కన పెట్టి, తల్లి చేతుల్ని బలంగా విడదీసింది. "అమ్మా, ఇంక సాల్లే, టీ తాగు" అంది. పైడమ్మ ఏడ్చింది. "సల్లారలేదే, ఇంకా సల్లారలేదే, లాగేత్తన్నావేటే" అని చిన్నపిల్లలా ఏడ్చింది. అప్పుడు టైము అయిదూ ఇరవై. నా నోటుబుక్కులో నలభై రోజులుగా రాసి ఉన్న టైము.

వచ్చేముందు ఆవిడ చేతులు పట్టుకున్నాను. రెండు అరచేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి, గుడ్డ లేకుండా గిన్నె దించినవాళ్ల చేతుల్లా. నర్సీపట్నం డాక్టరు ఆయింట్‌మెంట్ ఇచ్చాడని, ఏమీ లేదన్నాడని చెప్పింది నూకరత్నం.

ఇంటికొచ్చాక మా ఆయన, "ఇచ్చేద్దాం" అన్నారు. ప్రదర్శన అయ్యాక ఇస్తానన్నాను. అది కార్తీకంలో కదా అన్నారు. అవును, రెండున్నర నెలలే కదా అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గాని, రాయకపోతే మిగతాదంతా అబద్ధమైపోతుంది.

మనసు ఊరుకోక దసరా సెలవుల్లో ఒక పని చేశాను. నా దగ్గర దాదాపు అదే ఆకారంలో, అదే రంగులో ఇంకో జాడీ ఉంది. దాన్ని తీసుకెళ్లి పైడమ్మ చేతుల్లో పెట్టాను. చూపు లేదు కదా, తెలియదనుకున్నాను. ఆవిడ ముందు వేలి కణుపుతో తట్టి వింది. మొహం వెలిగింది. తర్వాత తిరగేసి అడుగు తడిమింది. వేలిగుర్తు తగిలింది. తన బొటనవేలు ఆ గుంటలో పెట్టి చాలాసేపు ఉంచింది. భర్త వేలు పడిన చోటు మరి. తర్వాత మెల్లగా నా వైపు జరిపింది.

"ఇది అమ్మకం సరుకు తల్లీ. మా ఇంటిది కాదు" అంది. కోపం లేదు ఆ గొంతులో. నేనేదో పొరపాటున తెచ్చాననుకుంది.

అప్పుడైనా ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు.

ప్రదర్శన బాగా జరిగింది. జాడీ మధ్యలో బల్ల మీద ఉంది, పక్కన నా పేరు అచ్చయిన కార్డు ఉంది. నాలుగింటికి ఒక పెద్దావిడ జాడీని ముట్టుకుని, లైటు మరీ దగ్గరగా పెట్టారమ్మా, కాలుతోంది అంది. నేను ఆ కార్డు తీసి చింపేసి, జాడీని టవల్లో చుట్టుకుని బయటికి వచ్చేశాను. మిగతావాళ్లు ఏమనుకున్నారో ఇప్పటికీ అడగలేదు.

మర్నాడు సెలవు పెట్టి, కారు మాట్లాడుకుని వెళ్లాం. మూడున్నరకల్లా చేరాం. పైడమ్మ చాలా చిక్కిపోయింది, గోడకి ఆనించి కూర్చోబెట్టాల్సి వచ్చింది. అరచేతుల మీద చర్మం ఊడుతోంది. ఈసారి నూకరత్నానికి అంతా చెప్పాను. మొదటిరోజు నుంచీ నా దగ్గరే ఉందని కూడా చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా వైపు ఒకసారి చూసి, తల్లి కొంగు మడిచి ఒళ్లో పరిచింది. ఆ చూపు కంటే తిట్టే నయం.

జాడీ ఆవిడ చేతుల్లో పెట్టాను. కణుపుతో తట్టింది. అడుగు తడిమింది. నున్నగా ఉంది. మళ్లీ తడిమింది. రెండు చేతులూ దాని చుట్టూ వేసి గుండెకి దగ్గరగా పెట్టుకుంది.

నాలుగింటికి వేడెక్కింది. నూకరత్నం ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. పొరుగింటి ఆవిడ కూడా ముట్టుకుంది. నేను కొలిచాను, నలభై ఆరు. ఆ రోజు పాలు పక్కింటివాళ్లతో పంపించాం. ఎవరూ ఆవిడ చేతులు విడదీయలేదు.

అయిదూ ఇరవై అయింది. నలభై మూడు. అయిదున్నరకి ముప్ఫై ఎనిమిది. ఆరింటికి ముప్ఫై ఒకటి. మా ఆయన నా భుజం మీంచి నోటుబుక్కులోకి చూస్తున్నారు. మొదటిసారి అది మామూలు వస్తువు చల్లారినట్టు చల్లారుతోంది, ఆయన పాఠంలో చెప్పే లెక్క ప్రకారమే. చీకటి పడింది, నూకరత్నం లైటు వేసింది. ఆరూ ముప్పావుకి గదిలో ఎంతుందో జాడీకీ అంతే ఉంది.

పైడమ్మ జాడీని చెంపకి ఆనించి చూసుకుంది. "సల్లారింది" అంది. "ఇంక దించొచ్చు."

మేం పట్టుకోబోతే వద్దంది. మంచం అంచు మీంచి తనే వంగి, చేత్తో తడిమి చూసుకుని, జాడీని నేల మీద పెట్టింది. "ఇదిగో, దించేసేను" అంది. మాతో అన్నట్టు లేదు. తర్వాత టీ అడిగింది. పంచదార ఇంకొంచెం వెయ్యమంది.

ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ చేతులు చాచలేదట. వారంలో అరచేతులు మామూలైపోయాయట. మాఘమాసంలో నిద్రలోనే పోయింది. పెద్దకర్మకి వెళ్లినప్పుడు నూకరత్నం జాడీ తీసుకెళ్లమంది. నేను వద్దన్నాను. వాళ్ల వంటింట్లో దాన్నిండా ఉప్పు పోసి ఉంది. బ్యాగులో థర్మామీటర్ గన్ ఉంది గాని, బయటికి తియ్యలేదు.

జాడీ వేడెక్కడం గురించి మా ఆయన చాలా పుస్తకాలు తిరగేశారు. ఏమీ దొరకలేదు. ఆ పాతిల్లు పడగొట్టింది ఎప్పుడని అప్పారావుని అడిగాను. సంక్రాంతి వెళ్లాక, ఆ వారంలోనే అన్నాడు. అరవై ఏళ్లు అటక మీద ఊరుకున్న జాడీ కిందకి దిగిన వారమే, ఇక్కడ ఆవిడ చేతులు ఎందుకు చాచిందో నాకు తెలియదు. తెలుస్తుందనే ఆశ కూడా లేదు. దెయ్యం అనను. ఆ మాటంటే ఇప్పటికీ చిరాకే.

నోటుబుక్కు మాత్రం నా దగ్గరుంది. అందులో రోజుకో వరస నలభై ఆరు, నలభై ఆరు, నలభై ఆరు అని ఉంటుంది. అందులో మొదటి నలభై రోజులు నేను తెలియక రాసినవి. ఆ ఆదివారం తర్వాతవి డెబ్బై మూడున్నాయి. ఒక్కొక్క సాయంత్రం అక్కడ ఆవిడ చేతులు కాలుతున్నాయని తెలిసే, ఇక్కడ కూర్చుని నేను టైముతో సహా వాటిని రాసుకున్నాను.